టెర్రస్ మీద హాట్ టబ్: గీజర్ పాయింట్ సరిపోతుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో మా టెర్రస్ మీద టబ్ పెడుతున్నాం. హీటర్ 3 కిలోవాట్లు, పంపు 1.5, బ్లోయర్ 0.75. మీటర్ బోర్డు నుంచి 25 మీటర్లు. పైనున్న 16 ఆంపియర్ల గీజర్ పాయింట్‌కే కలిపేద్దామంటున్నాడు ఎలక్ట్రీషియన్.

జవాబు 1: వద్దండి. అన్నీ కలిపి 5.25 కిలోవాట్లు, 230 వోల్టుల దగ్గర దాదాపు 23 ఆంపియర్లు. సాకెట్ కాలి నల్లబడుతుంది. మెయిన్ డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నుంచి విడిగా 6 స్క్వేర్ ఎంఎం త్రీ కోర్ రాగి కేబుల్, 32 ఆంపియర్ల సీ కర్వ్ ఎంసీబీ (మోటారు స్టార్టయ్యేటప్పటి కరెంటుకి ఊరికే పడిపోని బ్రేకర్) వేయించండి. 4 ఎంఎం కూడా లాగుతుంది గానీ, ఎండకు కాగే పైపులో గంటల తరబడి నడిచే లోడుకి నేనైతే వేయను. ముందు బిల్లులో శాంక్షన్డ్ లోడ్ (మీ కనెక్షన్‌కి అనుమతించిన కిలోవాట్లు) చూసుకోండి.

జవాబు 2: పైగా 40 ఆంపియర్ల డబుల్ పోల్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి ట్రిప్ అయ్యేది. 100 మిల్లీది మనిషి ప్రాణానికి భరోసా కాదు. దాని తర్వాతి న్యూట్రల్‌ని వేరే సర్క్యూట్ న్యూట్రల్‌తో కలిపితే ఊరికే ట్రిప్ అవుతుంది. మనవాళ్లు టబ్బుదే తప్పంటారు! ఐసోలేటర్ (కరెంటు పూర్తిగా ఆపే స్విచ్) టబ్బుకి కనీసం 2 మీటర్ల అవతల, కంటికి కనబడేచోట, గ్లాండ్ (కేబుల్ లోపలికి వెళ్లే చోటి బిగింపు) కిందికి ఉండేలా.

ప్రశ్నించినవారు: ఆర్‌సీసీబీ ఉంటే ఎర్తింగ్ ఎందుకు?

జవాబు 2: ఎర్త్ లేకపోతే లీకేజీకి దారి మీ ఒళ్లే. మీకు షాక్ తగిలాకే ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతుంది. పక్కనున్న ఇనుప రెయిలింగ్‌కి కూడా 4 ఎంఎం పచ్చ ఎర్త్ వైరు కలపండి.