ముగింపు తేదీ రాసి ఉన్న కాంట్రాక్టుకు మళ్లీ నోటీసు ఇవ్వాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో కాంట్రాక్టర్‌గా చేస్తున్నాను. 12 నెలల కాంట్రాక్టు, వచ్చే నెలాఖరుతో అయిపోతుంది. పొడిగించుకునే ఉద్దేశం లేదు. ఒప్పందంలో "ఏ పక్షమైనా 30 రోజుల నోటీసుతో రద్దు చేసుకోవచ్చు" అని ఒక క్లాజు ఉంది. అది చూపించి మా మేనేజర్, నోటీసు ఇవ్వకుండా వెళ్తే చివరి బిల్లులో ఒక నెల డబ్బు కోస్తారని అంటున్నారు. తేదీ ముందే రాసుకున్నాక ఇంకా నోటీసు ఏమిటి? రాజీనామా లెటర్ లాంటిది పెట్టాలా? కొంచెం టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు:
రాజీనామా మాత్రం పెట్టకండి. ఆ 30 రోజుల క్లాజు మధ్యలో మానుకోవాలనుకునేవాళ్ల కోసం. గడువు తీరడం వేరు, గడువుకు ముందే తెంచుకోవడం వేరు. ఏ తేదీన ముగుస్తుందో సంతకం పెట్టిన రోజే ఇద్దరికీ తెలుసు కాబట్టి, ఆ రోజు రాగానే ఒప్పందం దానంతట అదే ముగుస్తుంది. మీరు "రాజీనామా చేస్తున్నాను" అని రాశారంటే, మీరే మధ్యలో వెళ్లిపోతున్నారని వాదించడానికి వాళ్ల చేతికి కాగితం ఇచ్చినట్టే.

అయితే ఇది తేదీ తప్ప ఇంకేమీ చెప్పని ఒప్పందానికి వర్తించే మాట. మీదాంట్లో కాలపరిమితి గురించి రాసిన పేరా మొత్తం చదవండి, మొదటి వాక్యంతో ఆపేయకండి. "ఇన్ని రోజుల ముందు వద్దని రాతపూర్వకంగా చెప్పకపోతే అంతే కాలానికి కొనసాగుతుంది" అనే వాక్యం చాలాసార్లు అక్కడే ఉంటుంది. "కనీసం 12 నెలలు, ఆ తర్వాత ఎవరో ఒకరు నోటీసు ఇచ్చేవరకు" అని ఉన్నా కథ మారిపోతుంది, ఎందుకంటే అది అసలు ముగింపు తేదీయే కాదు. కొన్నిటిలో తేదీ బదులు ఫలానా పని పూర్తయ్యేవరకు అని ఉంటుంది. అప్పుడు పని పూర్తయిందని ఎవరు నిర్ణయిస్తారో చూసుకోవాలి.

మరో జవాబు:
నేను హెచ్ఆర్‌లో చేస్తాను. పై జవాబు సరైనదే. ఉద్యోగుల విషయంలో చాలా దేశాల చట్టాలూ ఇదే చెబుతాయి. జర్మనీలో తేదీతో ఉన్న ఉద్యోగ ఒప్పందం ఆ తేదీన నోటీసు లేకుండానే ముగుస్తుంది. మన పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో 1984లో చేర్చిన సవరణ ప్రకారం, గడువు తీరిన కాంట్రాక్టును పునరుద్ధరించకపోవడం రిట్రెంచ్‌మెంట్ (యజమాని ఉద్యోగిని తొలగించడం) కిందికి వచ్చేది కాదు. దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ మినహాయింపు ఉంది. కానీ ఇవి ఉద్యోగులకు సంబంధించినవి. బిల్లు పెట్టి డబ్బు తీసుకునే స్వతంత్ర కాంట్రాక్టర్‌కు ముందుగా చూడాల్సింది ఒప్పందమే. మీరు ఇందులో ఎవరు? నేరుగా కంపెనీతోనా, మధ్యలో ఏజెన్సీ ఉందా?

అడిగినవారు:
మధ్యలో ఏజెన్సీ ఉందండి. బిల్లు వాళ్లకే పెడతాను. మీరు చెప్పాక పేరా మొత్తం చదివాను. "గడువుకు 30 రోజుల ముందు ఏ పక్షమూ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే మరో 12 నెలలు కొనసాగును" అని ఉంది! అంటే మేనేజర్ చెప్పిందే నిజమా? ఇంకొకటి, గడువు తర్వాత ఒక వారం ఉండి పని అప్పగించి వెళ్లమని కూడా అడుగుతున్నారు.

జవాబు:
సగం నిజం. నోటీసు ఇవ్వాల్సిందే, కానీ అది రద్దు నోటీసు కాదు, "పొడిగించడం లేదు" అనే నోటీసు. ఇవ్వకపోతే జరిగేది మరో 12 నెలలకు ఒప్పందం సాగడం. అలా సాగినా ఏడాదంతా ఇరుక్కుపోరు, అప్పుడు మీరు మొదట చెప్పిన 30 రోజుల రద్దు క్లాజు ఉంది కదా. ఆ నోటీసు కూడా ఇవ్వకుండా వెళ్లిపోతే డబ్బు కోతకు వాళ్లకు ఒక సాకు దొరుకుతుంది. బహుశా మేనేజర్ రెండు క్లాజులనూ కలిపేసి ఉంటారు. కోత మాట మళ్లీ వస్తే, ఏ క్లాజు ప్రకారమో రాసి పంపమనండి.

మీకింకా టైం ఉంది, ఈరోజే మెయిల్ పెట్టండి. ఇంత చాలు: "మన మధ్య ఫలానా తేదీన జరిగిన ఒప్పందం ఫలానా తేదీతో ముగుస్తుంది. ఫలానా క్లాజు ప్రకారం దాన్ని పొడిగించుకోవడం లేదని తెలియజేస్తున్నాను. ఇది గడువుకు ముందు రద్దు చేసే నోటీసు కాదు. అందినట్టు జవాబు ఇవ్వగలరు." కారణాలు రాయనక్కర్లేదు.

పంపాల్సింది ఏజెన్సీకి. మీ ఒప్పందం వాళ్లతోనే, మేనేజర్‌కు కాపీ పెడితే మర్యాద. ఒప్పందం చివర్లో నోటీసులు ఎలా పంపాలో చెప్పే పేరా ఉంటుంది. అందులో మెయిల్ సరిపోతుందని లేకపోతే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టు కూడా చేయండి. 30 రోజులను పంపిన రోజు నుంచి లెక్కపెడతారా, అందిన రోజు నుంచా అనేదీ అక్కడే తెలుస్తుంది.

మరో జవాబు:
ఆ అదనపు వారం సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. కాగితం లేకుండా పని చేస్తూ పోతే, పాత షరతులతోనే ఒప్పందం సాగుతోందని ఎవరైనా వాదించవచ్చు. జర్మనీలోనైతే, గడువు తీరాక యజమానికి తెలిసీ ఉద్యోగి పని కొనసాగించి, యజమాని వెంటనే అభ్యంతరం చెప్పకపోతే అది గడువు లేని ఉద్యోగంగా మారిపోతుంది. మీరు ఉండదలిస్తే ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ రేటుకు అని ఏజెన్సీ నుంచి మెయిల్ తెప్పించుకోండి, అందులో మళ్లీ ఆటోమేటిక్ పొడిగింపు ఉండదని ఒక్క వాక్యం రాయించండి. నన్నడిగితే ఉండకండి, అప్పగింత గడువులోపే మొదలుపెట్టమని ఇప్పుడే అడగండి.

అడిగినవారు:
మెయిల్ పెట్టేశానండి, ఏజెన్సీ నుంచి "అందింది" అని జవాబు కూడా వచ్చింది. అప్పగింత వచ్చే వారం నుంచే మొదలుపెడదామన్నాను, ఒప్పుకున్నారు. అందరికీ థాంక్స్.

జవాబు:
మంచిది. ఆఫీసు మెయిల్ నుంచి పంపి ఉంటే ఆ జవాబునూ, ఒప్పందం కాపీనీ మీ దగ్గర భద్రపరచుకోండి, ఆఖరి రోజున అకౌంట్ మూసేస్తారు. ప్రాజెక్టు ఫైళ్ల జోలికి మాత్రం పోకండి, గోప్యత క్లాజు సాధారణంగా గడువుతో పాటు ముగియదు.