అప్‌డేట్: బెంగళూరులో తాపీ పని నేర్చుకోవడం గురించి అడిగాను కదా

పని రాని వాడు ఇక్కడ సైట్‌లో చేరాలంటే ముందు ఏం నేర్చుకోవాలి అని అడిగాను. "మాలు (సిమెంట్, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) కలపడం, వరస తిన్నగా రావడానికి దారం కట్టడం చూసుకో, తాపీ సంగతి తర్వాత" అన్న అన్నకు థాంక్స్. అచ్చం అలాగే జరిగింది.

మారతహళ్లి వైపు ఒక సైట్‌లో మన కదిరి మేస్త్రి హెల్పర్‌గా పెట్టుకున్నాడు. మొదట్లో ఇసుక జల్లించడం, ఇటుకలు తడపడమే. పొడి ఇటుక మాలులోని నీళ్లు పీల్చేస్తుంది, పట్టు రాదు. ఇక్కడ ఎక్కువగా వాడే సిమెంట్ సాలిడ్ బ్లాకుల్ని మాత్రం నానబెట్టకూడదు. ఆరాక కుంచించుకుపోయి గోడ పగులుతుంది.

ఇప్పుడు మధ్య వరసలు నాకు వదులుతున్నాడు. మూలలు ఆయనవే, వాటి జోలికి రానివ్వడు. దారానికి వెంట్రుకవాసి ఎడంగా ఇటుక పెట్టి, తాపీ పిడితో మెల్లగా తట్టాలి. ఒక్క ఇటుక దారాన్ని నెట్టినా వరసంతా బయటికి వస్తుంది. మాలు 1:6 (ఒక వంతు సిమెంట్‌కు ఆరు వంతుల ఇసుక), ఇటుకల మధ్య అతుకు 10 మిల్లీమీటర్లు, అతుకు మీద అతుకు రాకూడదు. మూల సరిచూడటానికి అటు 3 అడుగులు, ఇటు 4 అడుగులు గుర్తు పెడితే ఆ రెండు గుర్తుల మధ్య టేపు 5 అడుగులు చూపాలి. పైథాగరస్ ఇన్నాళ్లకు కూలి డబ్బులు ఇప్పిస్తున్నాడు!

లేబర్ కార్డు (నిర్మాణ కార్మికుడిగా నమోదైనట్టు ఇచ్చే కార్డు) గురించి అడిగినవాళ్లకు: గడిచిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు రుజువు కావాలి. నాకింకా నిండలేదు. ఈలోపు గ్లౌజులు మాత్రం కొనుక్కోండి, తడి సిమెంట్ వేళ్లను తినేస్తుంది.