'మహీనేర్ ఘొడాగులి'ని తెలుగులో ఏమనాలి?

రాయగడ:
మూడు రోజులుగా ఒక ముక్క బుర్రలో తిరుగుతోంది. '...కార్తికేర్ జ్యోత్స్నార్ ప్రాంతరే'. దీనికి ముందు గుర్రాలు గడ్డి మేస్తుంటాయి. బెంగాలీ కవి జీవనానంద దాస్ 'ఘొడా' (గుర్రం) కవితలోది. కలకత్తా కుర్రాళ్ళు తమ రాక్ బ్యాండుకి 'మహీనేర్ ఘొడాగులి' (మహీన్ గుర్రాలు) అని పేరు తీసుకున్నది ఈ పాదం నుంచే. చిన్నప్పుడు మా కాగితం మిల్లు కాలనీలో పక్కింటి బెంగాలీ దాదా వాళ్ళ కేసెట్టు వేసేవాడు. ఆ పేరు విని నేను హిందీ 'మహీనా' అనుకున్నాను, నెలజీతం మీద పనిచేసే గుర్రాలని అర్థం చెప్పుకున్నాను. ఇప్పుడు మా అమ్మాయి తెలుగులో చెప్పమంది. 'మహీన్ గుర్రాలు వెన్నెల ప్రాంతంలో గడ్డి తింటున్నాయి' అన్నాను. అన్నాక నాకే ఎబ్బెట్టుగా ఉంది. ఇంతకీ ఈ మహీన్ ఎవరు?

పర్లాకిమిడి మాస్టారు:
ఎబ్బెట్టు అంతా ఒక్క 'ర'లో ఉంది బాబూ. అది ప్రాంతం కాదు, ప్రాంతరం. అమరకోశం, ఆ సంస్కృత నిఘంటువు తీయండి: 'ప్రాంతరం దూరశూన్యోఽధ్వా'. నరసంచారం లేని దూరపు దారి. మీరు ఆ 'ర' మింగేసి వెన్నెలని రెవెన్యూ డివిజన్ చేశారు.

బరంపురం అక్క:
మాస్టారూ, అది అమరసింహుడి ప్రాంతరం. బెంగాలీలో దారి కాదు, పెద్ద బయలు. మా అత్తగారి ఒడియాలో కూడా బయలే. దారి మీద గుర్రాలు గడ్డి ఎక్కడ మేస్తాయి? రాయగడ అన్నయ్యా, 'గడ్డి తింటున్నాయి' మాత్రం వద్దు. మనలో గడ్డి తినేవాళ్ళు ఆఫీసుల్లో ఉంటారు.

గుణుపురం తమ్ముడు:
'మేస్తున్నాయి' అంటే మాత్రం తక్కువా అక్కా? అక్కడా మేసేవాళ్ళే.
నేను బ్యాండు సంగతి చెబుతాను, నాకు తెలిసింది అదే. 1970ల మధ్యలో గౌతమ్ చటోపాధ్యాయ్ మొదలుపెట్టాడు. మొదట వాళ్ళ పేరు 'సప్తర్షి', ఏడుగురు కాబట్టి. గిటారు పక్కన బావుల్ పాట, అంటే బెంగాల్ ఊరూరా తిరిగే గాయకుల పాట, పెట్టారు. 1977, 78, 79లలో ఏడాదికొకటి చొప్పున మూడు రికార్డులు. అప్పట్లో వినేవాళ్ళు తక్కువ. 1981 కల్లా ఎవరి దారి వాళ్ళది. 1995లో గౌతమ్ కొత్త కుర్రాళ్ళని కలుపుకుని ఒక సంకలనం తెచ్చాడు, దాంతో ఊరంతా పాడటం మొదలైంది. 1999లో ఆయన పోయాడు. మీరు విననట్టు మాట్లాడకండి, 2006 హిందీ సినిమా 'గ్యాంగ్‌స్టర్'లో 'భీగీ భీగీ' వరస వాళ్ళదే.
ఇక నా సిద్ధాంతం. 'ఘొడా' కవిత ఉన్న పుస్తకం పేరు 'సాత్‌టి తారార్ తిమిర్', 1948. ఏడు తారల చీకటి! సప్తర్షి అంటే ఏడు తారలే కదా. అంటే పేరు మార్చక ముందు నుంచే ఆ పుస్తకం వాళ్ళ చేతిలో ఉంది.

బరంపురం అక్క:
ఏడుగురున్న ప్రతి గుంపూ జీవనానందుణ్ణి చదివినట్టేనా తమ్ముడూ?

జయపురం:
పేరులో అసలు రుచి 'గులి' అనే బహువచనం దగ్గర ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. ఘొడాగులి, ఒడియాలో ఘొడాగుడిక. కన్నడ 'గళు', తమిళ 'గళ్' పక్కన పెట్టి చూడండి. మన బహువచనం బెంగాల్ దాకా నడిచి వెళ్ళింది! గుర్రం కూడా అంతే. మన కొండల్లోని సవర భాషలో 'కుర్తా' అంటారు. గుఱ్ఱం, కుదురె, కుర్తా, ఘోట అన్నీ ఒకే గుంపులో మేసినవి.

పర్లాకిమిడి మాస్టారు:
'గులి' సంస్కృత 'కుల' నుంచి అని కూడా చెబుతారు. సవర మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. గిడుగు రామమూర్తి గారు పాఠం చెప్పిన ఊరు నాది. ఆయనా గురజాడా విజయనగరంలో కలిసి చదువుకున్నవాళ్ళు. గురజాడ 1910లో ముత్యాల సరం అనే ఛందస్సు పట్టుకొచ్చాడు, మూడు-నాలుగు, మూడు-నాలుగు మాత్రల నడక. మీ పాదం అందులో కూర్చుంటుంది. రాత్రి నిద్ర మానుకుని కట్టాను:

కార్తికపు వెన్నెల బయలులో
మేయుచున్నవి మహిను గుఱ్ఱాల్

కార్తి/కపువెన్/నెలబ/యలులో. పద్నాలుగు మాత్రలు, ఒక్కటి ఎక్కువ తక్కువ లేదు.

గుణుపురం తమ్ముడు:
ఏడు లెక్క! డ్రమ్ములవాడికి ఇస్తే పండగ చేసుకుంటాడు. నాలుగు లెక్క విని విని చెవులు మొద్దుబారాయి.

బరంపురం అక్క:
'బయలు' అన్నారు, అంటే నా మాట ఒప్పుకున్నట్టే. సంతోషం. కానీ 'కార్తికపు' ఏమిటి? కార్తీకం అనని తెలుగు నోరు చూపించండి. కార్తీక దీపం, కార్తీక సోమవారం.

పర్లాకిమిడి మాస్టారు:
అసలు రూపం కార్తికం. కృత్తికల నుంచి వచ్చింది, దీర్ఘం ఎక్కడిది? మీ అత్తవారి ఒడియాలోనూ హ్రస్వమే.

బరంపురం అక్క:
గిడుగు వారి ఊరి నుంచి వచ్చే మాటేనా ఇది? జనం నోట్లో ఉన్నదే భాష అన్నది ఆయనే కదా. పైగా 'తి'కి దీర్ఘం ఇవ్వనంటూ, రెండో పాదంలో మహీన్ 'హీ'ని కోసేసి 'మహిను' చేశారు. ఆ దీర్ఘం తెచ్చి ఇక్కడ పెట్టొచ్చు కదా!

రాయగడ:
ఒక మాత్ర ఇటు, ఒక మాత్ర అటు. మా అమ్మాయి నవ్వుతోంది.

బరంపురం అక్క:
నెల సంగతి కూడా చూడండి. పుట్టింటి కార్తీకం దీపావళి మర్నాడు మొదలు. అత్తింటిది కుమార పున్నమి (మన ఆశ్వయుజ పున్నమి) మర్నాడే మొదలు, అంటే పదిహేను రోజులు ముందు. పున్నమి మాత్రం ఇద్దరికీ ఒకటే. ఆ రోజు తెల్లవారుజామున వీళ్ళు అరటి దొప్పల పడవలు వదులుతారు, నేను ఒత్తులు వెలిగిస్తాను. రెండు లెక్కలూ పాటిస్తే నెలన్నర చేప లేదు. బెంగాలీలది సూర్యుడి లెక్క, ఇంకోలా ఉంటుంది. జీవనానందుడు ఏ కార్తికంలో గుర్రాలని చూశాడో!

జయపురం:
ట్రాము గుద్ది ఆయన పోయింది 1954 అక్టోబరు 22న. వాళ్ళ లెక్కలో అది కార్తికమే.

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మా, దీర్ఘం తిరిగి ఇచ్చేశాను. చూడండి:

ఆ మహీనుడి గుఱ్ఱముల్ గన

పద్నాలుగే. ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు.

గుణుపురం తమ్ముడు:
లెక్కపెట్టాను మాస్టారూ. మూడు-నాలుగుగా విరిస్తే 'ఆమ / హీనుడి' అవుతోంది. గుర్రాలు హీనుడివి అయిపోయాయి.

రాయగడ:
మహీన్ ఎవరని కదా నేను అడిగింది.

పర్లాకిమిడి మాస్టారు:
ఆగండి, ఆ 'డి' తీసేసి చూస్తాను.