విషవాయువుకు సిలిండరా, స్ఫటికమా: డెల్టాలో ఏది తగును?

రసాయన అధ్యాపకుడు, కాకినాడ

లోహ-సేంద్రియ చట్రాలపై, అంటే లోహ అయాన్లను సేంద్రియ అణువులతో కలిపి అల్లిన సూక్ష్మరంధ్రాల స్ఫటికాలపై, కృషికి సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాగీలకు 2025 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది కనుక ఈ ప్రశ్నను ఇక్కడ పెడుతున్నాను. మన కళాశాలల ప్రయోగశాలల్లోను, చిన్న మందుల ముడిసరుకు యూనిట్లలోను విషవాయువులను అధిక పీడన సిలిండర్లలో నిల్వ ఉంచే పద్ధతిని మాని, సూక్ష్మరంధ్రాలున్న స్ఫటికాల్లో నింపి వాడటం మేలని నా వాదన. ఈ స్ఫటికాల రంధ్రాల గోడలకు వాయువు అణువులు అధిశోషణం చెంది అంటిపెట్టుకుంటాయి. అందువల్ల వాతావరణ పీడనం కంటే తక్కువ పీడనంలోనే చెప్పుకోదగ్గ పరిమాణాన్ని నిల్వ చేయవచ్చు. వాల్వు విరిగినా వాయువు ఒక్కసారిగా బయటికి చిమ్మదు, మొదట బయటి గాలే లోపలికి పోతుంది. కంప్యూటర్ చిప్‌ల పరిశ్రమ ఆర్సీన్, ఫాస్ఫీన్ అనే విషవాయువులను ఈ సూత్రంతోనే, మొదట జియోలైట్ అనే సూక్ష్మరంధ్రాల ఖనిజంలోను, ఆ తరువాత కర్బనంలోను, ఇటీవల ఈ చట్రాల్లోను ఉంచుతోంది. 2023లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫ్లోరిన్ గల కొన్ని వాయువులను మెగ్నీషియం చట్రంలో నింపి, మైనపు గుళికల్లో పొదిగి, అతిధ్వని తరంగాలతో ద్రావణంలోకి విడుదల చేసి చర్య జరిపారు. తూకం వేసుకుని వాడుకునే వాయువు అన్నమాట.

రొయ్యల రైతు, భీమవరం

అయ్యా, జియోలైట్ మాకు కొత్త కాదు. అమోనియా లాగేస్తుందని చెప్పి అమ్మిన బస్తాలను ఏళ్ల తరబడి వనామీ చెరువుల్లో చల్లుతున్నాము. ఉప్పునీటిలో దాని వల్ల కలిగిన మేలు ఏమిటో అమ్మినవారు ఎన్నడూ కొలిచి చూపలేదు. అదే పదార్థం ఇప్పుడు విషవాయువులను కూడా పట్టి ఉంచుతుందంటే నమ్మడానికి ఆధారం ఏమిటి?

పరిశోధక విద్యార్థిని, రాజమహేంద్రవరం

రైతు గారి సందేహం న్యాయమైనదే కాని ఆ రెండు పనులూ వేరు. చెరువులో జియోలైట్ చేయవలసింది అయాన్ మార్పిడి: తనలోని సోడియంను వదిలి అమోనియం అయాన్‌ను తీసుకోవాలి. ఉప్పునీటిలో సోడియం లెక్కకు మిక్కిలి ఉంటుంది గనుక అమోనియంకు చోటు దొరకదు, బస్తా దండగవుతుంది. జియోలైట్ నింపిన సిలిండరులో జరిగేది పొడి వాయువు దాని రంధ్రాల్లో చేరడం. అక్కడ సోడియంతో పోటీ లేదు.

అయితే అధ్యాపకులు గారు చెప్పకుండా విడిచిన పోటీదారు ఒకటి ఉంది, అది తేమ. మన ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ నెలలు గాలి తడిగానే ఉంటుంది, జియోలైట్‌కు అన్నిటికన్నా ఇష్టమైన అణువు నీరే. మూత తెరిచి తూచే లోపల రంధ్రాల్లో నీరు చేరితే, ముందున్న వాయువు బయటికి నెట్టబడుతుంది. అంటే ప్రమాదం తగ్గించవలసిన పదార్థమే తేమ గదిలో వాయువును వదలగలదు. మైనపు పూత ఎందుకు పెట్టారో దీన్ని బట్టి అర్థమవుతుంది. పైగా అన్ని చట్రాలూ అన్ని వాయువులకూ ఓర్చుకోవు. 1999లో హాంకాంగ్‌లో తయారైన రాగి చట్రం హెచ్‌కస్ట్-1 అమోనియాను బాగానే పట్టుకుంటుంది. కాని ఆ క్రమంలో, ముఖ్యంగా తేమ తోడైతే, దాని నిర్మాణమే చెదిరిపోతుంది. అందువల్ల "స్ఫటికం సురక్షితం" అని గంపగుత్తగా అనడం కుదరదు. ఏ వాయువుకు ఏ స్ఫటికం, ఎంత తేమలో అన్నది చెప్పనిదే ఆ వాక్యానికి అర్థం లేదు.

ఐస్ ఫ్యాక్టరీ ఆపరేటరు, నరసాపురం

మా దగ్గర భయమంతా అమోనియాతోనే. దీనిని స్ఫటికంలో పెట్టవచ్చునా?

రసాయన అధ్యాపకుడు, కాకినాడ

పెట్టకూడదు, పెట్టి ప్రయోజనం లేదు. మీ అమోనియా చర్యలో పాల్గొనేది కాదు, గొట్టాల్లో తిరుగుతూ ద్రవమై, మళ్లీ ఆవిరై చలువ పుట్టించేది. దానిని రంధ్రాల్లో బంధిస్తే యంత్రమే నిలిచిపోతుంది. లీకు సమయంలో పట్టుకోవడానికి సైతం నీటికి మించినది లేదు: 20 డిగ్రీల వద్ద లీటరు నీరు అర కిలో అమోనియాను కరిగించుకోగలదు, చాలా స్ఫటికాలు తమ బరువులో ఐదో వంతుకు అటూ ఇటూ మాత్రమే పట్టుకుంటాయి. కాలువల నేలలో ఉన్నవారు ఖరీదైన పొడి వెంట పడనక్కరలేదు. నీటి తెర, గ్యాస్ డిటెక్టరు, ముఖానికి సరైన మాస్కు సిద్ధంగా ఉంటే చాలు. నా వాదన చర్యలో ఖర్చయ్యే కొద్దిపాటి వాయువులకే పరిమితం.

భద్రతాధికారి, తణుకు

ఆ పరిమితిలోనూ నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది వేడి. అధిశోషణం వేడిని విడుదల చేస్తుంది, వాయువును విడిపించడానికి వేడినో శూన్యతనో ఇవ్వాలి. కనుక గదిలో మంటలు లేస్తే తక్కువ పీడనంలో ఉన్నదని మనం నమ్మిన పాత్రలోనే పీడనం పెరుగుతుంది. రెండవది తనిఖీ. గ్యాస్ సిలిండర్ల నియమాలు, 2016 ప్రకారం సిలిండరుకు నిర్ణీత కాలానికి పరీక్ష చేయించి తేదీ ముద్రించవలసి ఉంటుంది. మైనపు గుళికలో ఇంకా ఎంత వాయువు మిగిలి ఉన్నదో, వాడిన పొడిని ఎక్కడ పారవేయాలో ఒక చిన్న యూనిట్‌లోని కార్మికుడు ఎలా తెలుసుకుంటాడు? సిలిండరును చూస్తే భయం కలుగుతుంది, ఆ భయమే అతనిని కాపాడుతోంది. పొడి డబ్బాను చూసి ఎవరూ భయపడరు.

పరిశోధక విద్యార్థిని, రాజమహేంద్రవరం

పొడి సంగతిలో మీతో ఏకీభవిస్తున్నాను. కాని భయం ఉన్న చోట కూడా వాల్వులు విరుగుతూనే ఉన్నాయి గదా. కొన్ని గ్రాములు మాత్రమే అవసరమైన చర్యకు నిండు సిలిండరును గదిలోకి తెచ్చి పెట్టడం కంటే, చర్యకు చాలినంత గుళికలను మాత్రమే, అదీ ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను బయటికి లాగివేసే గూడు) లోపల, డిటెక్టరు పనిచేస్తూ ఉండగా వాడటం మేలని నేను అనుకుంటున్నాను. వాడిన పొడిని విషపదార్థంగానే లేబుల్ వేసి మూసి ఉంచాలి.

భద్రతాధికారి, తణుకు

హుడ్ లేని ప్రయోగశాలలకు కూడా ఇదే చెబుతారా?

రసాయన అధ్యాపకుడు, కాకినాడ

చెప్పను. హుడ్ లేని చోట సిలిండరూ వద్దు, గుళికా వద్దు.