సమస్యాపూరణం: గాలి నిల్పఁ దలఁచి కన్నమిడెను

పృచ్ఛకుడు (పర్లాకిమిడి):
మొన్న ఆదివారం మహేంద్రగిరి దిగుతుంటే నా సైకిలు వెనక టైరులో రేగుముల్లు దిగింది. ట్యూబ్‌లెస్ టైరు. సన్న కన్నమైతే లోపల పోసిన సీలెంటు ద్రవమే మూసేయాలి, మూయలేదు. (ఇంటికొచ్చి విప్పితే తెలిసింది, నాలుగు నెలల కిందట పోసింది ఎండకు తొక్కలా ఎండిపోయింది.) రోడ్డు వారన కూర్చొని కన్నంలో రబ్బరు వత్తి పెట్టబోతే దూరలేదు. ఆకురాయి సూదితో ముందు ఆ కన్నాన్నే పెద్దది చేయాలి. ఉన్న గాలీ పోతుందేమోనని చేతులాడలేదు. అప్పుడు తట్టిన పాదం:

గాలి నిల్పఁ దలఁచి కన్నమిడెను

ఆటవెలది నాలుగో పాదం. పై మూడూ మీరు పూరించండి. టైరు విషయమే కావాలి. ఇంగ్లీషు మాటలు పడొచ్చు. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి వాడుకమాటకు తలుపు వేయలేను.

జయపురం తమ్ముడు:
ముల్లు గుచ్చుకొన్న మూతిని సూదితోఁ
ద్రిప్పి త్రిప్పి దాని తెఱపి పెంచి
జిగురు నద్ది వత్తి జివ్వున దూర్చఁగా
గాలి నిల్పఁ దలఁచి కన్నమిడెను

పృచ్ఛకుడు:
నడక బాగుంది తమ్ముడూ. "త్రిప్పి త్రిప్పి"లో పని కళ్లకు కడుతోంది. "జివ్వున" మాత్రం యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన అక్షరం) కోసం వచ్చి కూర్చుంది. వత్తి జివ్వున దూరేదైతే సూదితో పనేముంది? అరచెయ్యి కందేలా నొక్కితే గాని దిగదు. "జిగురు నద్ది వత్తి చెమటపట్టగఁ దూర్చ" అని చూడు. జి–చె యతి చెల్లుతుంది.

రాయగడ మాస్టారు:
ఒక మాట. ఇది నేలకు తగిలే భాగంలో పడ్డ కన్నానికే. సైడ్ వాల్ కోసుకుపోతే వత్తి నిలవదు. అక్కడ రబ్బరు పలచన, తొక్కుతున్నంతసేపూ వంగుతూనే ఉంటుంది. లోపలినుంచి ప్యాచ్ వేయాల్సిందే. వత్తిని కూడా పూర్తిగా లోపలికి తోసేయకండి, కొసలు కాస్త బయట ఉండాలి.

గుణుపురం అక్కయ్య:
చుట్టె టేపు రిమ్ము చుట్టును బిగువుగా
బుడగ లేక యొత్తె బొటనవేల
వాల్వు దూరు చోట వాఁడి సూదినిఁ బట్టి
గాలి నిల్పఁ దలఁచి కన్నమిడెను

పృచ్ఛకుడు:
అక్కయ్యగారూ, నేను ముల్లు దగ్గరే ఆగిపోయాను. మీరు ముల్లే లేకుండా పూరించారు! స్పోకు కన్నాలను మూసే ఆ టేపు కింద బుడగ మిగిలితే గాలి అక్కడినుంచి ఆ కన్నాల్లోకి పాకుతుంది. వాల్వు దగ్గర బుసబుసలాడినా అసలు లోపం మరో మూల ఉంటుంది. రెండో పాదంలో ఆ జాగ్రత్తంతా ఉంది. పైగా సూది అన్నారు, బ్లేడు అనలేదు. బ్లేడుతో కోస్తే చీలిక టేపు వెంట సాగుతుంది. సూదిపోటైతే వాల్వు తనకు కావలసినంతే వెడల్పు చేసుకొని బిగుసుకుంటుంది. ఈ వారం నా మనసుకు పట్టిన పూరణ ఇదే.

కోరాపుట్ నుంచి కొత్త సభ్యుడు (మొదటి పద్యం, తప్పులుంటే చెప్పండి):
సబ్బు నీటి నురుగ చల్లఁగా బుడగలు
పైకి లేచి చూపెఁ బగులు జాడ
పాలవంటి మందు పోయగ సరిపోక
గాలి నిల్పఁ దలఁచి కన్నమిడెను

పృచ్ఛకుడు:
మొదటి రెండు పాదాలు మేలు. ముందు జాడ వెతికి తర్వాత మందు పోశావు, అదే సరైన వరుస. మూడో పాదంలో యతి తప్పింది, పా–పో కుదరవు. "పాలవంటి మందు పట్టక కారఁగా" అంటే పా–ప సరిపోతుంది. సీలెంట్ కన్నంలో నిలవక బయటికి కారడం కూడా కనిపిస్తుంది.

కొత్త సభ్యుడు:
రాసుకున్నాను గురువుగారూ. సబ్బునీళ్లు నిజంగానే చల్లాను. రిమ్ము అంచునా నురుగు లేచింది. అక్కడా వత్తేనా?

పృచ్ఛకుడు:
వద్దు నాయనా, అది కన్నం కాదు. బహుశా అంచులో ఎర్రమట్టి ఇరుక్కుంది. గాలి తీసి, టైరు అంచు విడదీసి, రిమ్మునూ అంచునూ తడిగుడ్డతో తుడువు. అంచుకు సబ్బునీళ్లు రాసి ఒక్క ఊపున గాలి కొట్టు. అంచు కూర్చున్నప్పుడు "టప్పు"మంటుంది. అప్పుడు మళ్లీ నురుగు రాసి చూడు.