సమస్య: “చదువకుండనే లేఖను చదివినాడు”

నిర్వాహకుడు

ఈ వారం పాదం:

చదువకుండనే లేఖను చదివినాడు

మొన్న రాత్రి ఒక మెయిలు టెంప్లేటు పరీక్షిస్తూ నాకు నేనే పంపుకున్నాను. ఫోను ఛార్జింగులో ఉంది, నేను దాన్ని ముట్టుకోలేదు. కంప్యూటర్లో రిపోర్టు చూస్తే “తెరిచారు” అని పడింది. అప్పుడు నోటికొచ్చిన పాదమిది. మెయిళ్ల తయారీ మీద పూరిస్తే నాకు ఇష్టం. వేరే దారిలో వెళ్లినా పద్యం బాగుండాలి, అంతే.

పట్టికల పనివాడు

మీ ఫోను కథే నా పూరణ.

కంటి కగుపడనట్టి యా కలికి చుక్క
నచటి సర్వరే ముందుగా నడిగి తెచ్చె
ఫోను తెరువక నిద్రించు బుధుడు కూడ
చదువకుండనే లేఖను చదివినాడు

2021 సెప్టెంబరులో ఐఓఎస్ 15తో వచ్చిన మార్పు ఇది. యాపిల్ మెయిల్లో ఆ ప్రైవసీ రక్షణ పెట్టుకున్నవాళ్లకి మెయిల్లోని బొమ్మలన్నీ యాపిల్ సర్వర్ల మీదుగా ముందే దిగిపోతాయి. ఒక పిక్సెల్ పొడవు, ఒక పిక్సెల్ వెడల్పు ఉండే కనబడని బొమ్మ కూడా వాటితోపాటే దిగుతుంది. అది దిగిందంటే పంపినవాడి లెక్కలో మెయిలు తెరిచినట్టే. అందుకే “ఎంతమంది తెరిచారు” అని మా ఆఫీసులో ఎవరైనా అడిగితే ఇప్పుడు లింకు ఎంతమంది నొక్కారో చూసి చెబుతున్నాను.

గణవిభజన

“కలికి చుక్క” దగ్గర ఆగిపోయాను. నిఘా పెట్టే చుక్కకి కలికితనం ఎక్కడిది? యతి కోసం తెచ్చిన మాట అది. “కడను చుక్క” అనండి. యతి చెల్లుతుంది, ఆ చుక్కని మెయిలు చివర పెడతారు కాబట్టి అర్థమూ కుదురుతుంది. మిగతా మూడు పాదాలకీ వంక లేదు.

గౌతమీతీరం

“చుక్క నచటి” అని పాదం దాటించిన తీరు నాకు బాగా నచ్చింది. చుక్క ఒక పాదంలో ఉంటే దాన్ని పట్టుకొచ్చే సర్వరు ఇంకో పాదంలో ఉంది. అయితే గణవిభజన గారి “కడను” నాకూ మెరుగే అనిపించింది.

పట్టికల పనివాడు

“కడను” తీసుకున్నాను మాస్టారూ. గణవిభజన గారికీ ధన్యవాదాలు. ఇక వారి పూరణ చూడాలి.

గణవిభజన

ఇదిగో.

ఇన్ని తెరలందు సరిచూచె నేమి ఫలము
గడుల కొలతలు రంగులు గాంచె గాని
పేరు చోటున ఖాళీని విడిచి పంపె
చదువకుండనే లేఖను చదివినాడు

ఎవరిని ఉద్దేశించి రాశానో పోయిన ఉగాది ఆహ్వానం అందుకున్న సభ్యులందరికీ తెలుసు. “ప్రియమైన” అని ఉండి, ఆ పక్కన ఖాళీ, తర్వాత కామా.

పట్టికల పనివాడు

తగిలింది. తప్పు నాదే. జరిగింది కూడా చెబుతాను, ఇంకొకరికి పనికొస్తుంది. ఆ మెయిల్ని పాత అవుట్‌లుక్, కొత్త అవుట్‌లుక్, జీమెయిల్, యాపిల్ మెయిల్, యాహూ అన్నిట్లో చూశాను. ముదురు రంగు తెర మీదా చూశాను. ఎక్కడా ఒక్క గడి చెదరలేదు. కానీ నా పరీక్ష జాబితాలో ఉన్నవన్నీ మా ఇంట్లోవాళ్ల చిరునామాలు, అందరికీ పేర్లున్నాయి. అసలు జాబితాలో సగం మందికి పేరు గడి ఖాళీగా ఉంది. పేరు లేకపోతే “సభ్యులకు” అని పడేలా నేను రాయలేదు. ఇప్పుడు పరీక్ష జాబితాలో పేరే లేని చిరునామా ఒకటి, రెండు వరుసలు పట్టే పొడుగు పేరు ఒకటి తప్పకుండా పెడుతున్నాను.

పద్యం గురించి ఒక మాట. “పేరు”కి “విడిచి” యతి వేశారు. చెల్లుతుంది, కాదనను. కానీ పోయినసారి పాదంలో “ప”కి “బ్ర” యతి చూసి “బలవంతపు మైత్రి” అన్నది మీరే కదా?

గణవిభజన

అన్నాను. అప్పుడు నేను పట్టుకున్నది యతిని కాదు, “మెయిలుకు బ్రతుకు” దగ్గర గణాన్ని. కొత్తవాళ్ల కోసం మీ పద్యం ఇక్కడ పెడుతున్నాను. “డివ్వు” అంటే పేజీలో భాగాల్ని పేర్చే హెచ్‌టీఎంఎల్ ట్యాగు.

వర్డు కన్నుల మెయిలును బట్టి చూడ
డివ్వు పక్కకు నిలువక డీలపడియె
మూలలను గుండ్రముగ జేయ మొగము తిప్పు
పట్టికలు లేక మెయిలుకు బ్రతుకు లేదు

“బ్ర” ముందున్న “కు” గురువా, లఘువా?

గౌతమీతీరం

ఆ చివరి పాదం పోయిన సమస్యగా నిర్వాహకులిచ్చింది నాయనా, అతనిది కాదు. పైగా లఘువనుకుంటే నాలుగు లఘువుల నలం, గురువనుకుంటే మూడు లఘువుల మీద గురువున్న నగం, ఎటు చూసినా ఇంద్రగణమే. ఆ తగవు అప్పుడే తీరింది.

గణవిభజన

గణం వదిలేశాను మాస్టారూ. విషయం వదలను. 2003 దాకా అవుట్‌లుక్ మెయిల్ని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఇంజనుతో చూపించేది. 2007లో వర్డు ఇంజను పెట్టారు. కొత్త అవుట్‌లుక్ మళ్లీ బ్రౌజర్ ఇంజను మీదే నడుస్తోంది. అంటే “వర్డు కన్నుల” అన్న పద్యం పాతబడుతోంది.

పట్టికల పనివాడు

పాతబడాలనే నా కోరిక. కానీ ఆఫీసు కంప్యూటర్లలో పాత అవుట్‌లుక్ ఇంకా ఉంది. అది ఉన్నంత కాలం 600 పిక్సెళ్ల పట్టిక కట్టక తప్పదు. దాని కోసమే విడిగా షరతు కామెంట్లు, అంటే అవుట్‌లుక్ మాత్రమే చదివే కోడు, రాయాలి. గుండ్రటి బటన్ కావాలంటే వీఎంఎల్ అనే పాత మైక్రోసాఫ్ట్ బొమ్మల భాషలో ఇంకోసారి గీయాలి. మూలలు పలకగానే ఉండనిస్తే సగం పని తగ్గుతుంది. నేనిప్పుడు అలాగే వదిలేస్తున్నాను. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

నిర్వాహకుడు

పోయిన సమస్య పోయినవారమే ముగిసింది. ఈ పాదానికి రండి.

కొత్తకలం

అందరికీ నమస్కారం. ఇక్కడ నాకిది మొదటి పూరణ. తప్పులుంటే చెప్పండి.

నూట రెండు కేబీ దాట నోరు మూసె
జీమెయిలు సగమె చూపించి చెరిపివేసె
మిగులు మాటను చూడక మెచ్చితినని
చదువకుండనే లేఖను చదివినాడు

గణవిభజన

మొదటి పాదం చాలా బాగుందమ్మా. “నూట – నోరు” యతి వెతికి పెట్టినట్టు లేదు, అదే వచ్చి కూర్చున్నట్టుంది. రెండో పాదంలో “యిలు సగమె” ఐదు లఘువులైంది. అక్కడ గణం తప్పింది.

పట్టికల పనివాడు

విషయంలోనూ చిన్న సవరణ ఉంది చెల్లెమ్మా. మెయిలు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతా భాగాన్ని చెరపదు, దాస్తుంది. అడుగున పూర్తి మెయిలు చూపించే లింకు ఉంటుంది. రెండు తప్పులూ కలిపి ఇలా సరిచేయొచ్చు:

జీమెయిలు మాట సగమున చిదిమి దాచె

తెలుగువాళ్లకి ఈ 102 కేబీ ఇంకా తొందరగా నిండుతుంది. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి గుర్తుకీ మూడు బైట్లు. “స్త్రీ” పద్యంలో ఒక్క గురువు. మెషీనుకి అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు గుర్తులు, 18 బైట్లు. నిజానికి పరిమితి దాటించేది మాటలకన్నా ప్రతి గడికీ రాసే స్టైళ్లే. ఎడిటరు నుంచి కాపీ చేసిన చెత్త కోడు తీసేస్తే చాలావరకు సరిపోతుంది. ఇంకొకటి: కత్తిరింపులో చివరున్న చుక్క కూడా దాగిపోతుంది. అప్పుడు పాపం చదివినవాడు కూడా చదవనట్టే లెక్కకొస్తాడు.

కొత్తకలం

“చిదిమి దాచె” నాకు తట్టనే లేదు అన్నగారూ. మార్చుకున్నాను. ఐదు లఘువుల సంగతి ఇక మర్చిపోను.

గౌతమీతీరం

నేను మెయిలు జోలికి పోలేదు. నా చేతికి వచ్చింది రుక్మిణి.

విప్రు వాక్కున రుక్మిణి విన్నపంబు
చెవులె కన్నులై మురిసిన శ్రీధరుండు
తాళపత్రము తాకక తక్షణంబె
చదువకుండనే లేఖను చదివినాడు

గణవిభజన

“చెవులె కన్నులై” అన్న మాటతో సమస్య అక్కడే విడిపోయింది. మూడో పాదం లేకపోయినా అర్థమవుతుంది. ఒక్క సందేహం: రుక్మిణి పంపిన విప్రుడు అగ్నిద్యోతనుడు నోటితో విన్నవించాడు కదా, తాళపత్రం ఎక్కడిది?

గౌతమీతీరం

“తాకక” అన్నాను, చూశావా. పత్రం ఉన్నా లేకపోయినా స్వామి దాన్ని ముట్టలేదు.

పట్టికల పనివాడు

మాస్టారూ, మెయిలు జోలికి పోలేదన్నారు గానీ ఈ పద్యం నేరుగా మా పనిలోకి వచ్చింది. చూపులేనివాళ్లు మెయిలు వినే చదువుతారు. వాళ్ల ఫోనులో స్క్రీన్ రీడరే అగ్నిద్యోతనుడు. మేం అందం కోసం కట్టిన పట్టికలకి “ఇది అలంకారమే” అని కోడులో రోల్ అనే గుర్తు రాయకపోతే, ఆ విప్రుడు విన్నపం మానేసి వరుసలూ నిలువులూ లెక్కపెడతాడు. బొమ్మకి బదులుమాట రాయకపోతే ఫైలు పేరు చదివినా చదువుతాడు. మొత్తం ఆహ్వానాన్ని ఒకే బొమ్మగా చేసి పంపేవాళ్లని నేను చాలామందిని చూశాను. అలాంటి మెయిల్లో వినడానికి ఒక్క మాటా ఉండదు. ఇకనుంచి పంపేముందు ప్రతి మెయిల్నీ కళ్లు మూసుకుని ఒకసారి వింటాను.

డల్లాస్ దూరం

ఆలస్యంగా వచ్చాను. ఇక్కడ మా తెలుగువాళ్ల పత్రికని నెలనెలా మెయిల్లో పంపుతుంటాను. మాతృదినోత్సవం సంచికకి మా అమ్మ ఉత్తరంలోంచి నాలుగు వాక్యాలు వేశాను. ఇద్దరు ముగ్గురు “అక్షరాలు తెగిపోయాయి” అని తెర ఫొటోలు పంపారు. అందరివీ పాత అవుట్‌లుక్‌లే. ఆ నెలంతా అదే టెన్షన్.

వరుస యెత్తును బిగియింప వత్తు తెగెను
అమ్మ యను మాట యమ యయ్యె నవుటులుకున
తెగిన యక్షరము మదిలో తీర్చి కొడుకు
చదువకుండనే లేఖను చదివినాడు

గౌతమీతీరం

“అమ్మ యను మాట యమ యయ్యె”! ఒత్తు పోయి “అమ” అయింది, ముందున్న “మాట” వల్ల యడాగమం వచ్చి “యమ” అయింది. వ్యాకరణమే చమత్కారం చేసింది. ఇన్నేళ్లలో నేను చూసిన మంచి పూరణల్లో ఇదొకటి.

గణవిభజన

“అమ్మ” గురువు, లఘువు కలిసిన గలం. “అమ” రెండు లఘువులు, సూర్యగణం కాదు. ఒక్క ఒత్తు తెగితే అర్థంతోపాటు గణమూ పోయింది. ఈ ఒక్క పాదం కోసం నేను మూడుసార్లు చదివాను. అయినా అడగాలి. అక్షరం తెగితే “చదవలేక” అనాలి. “చదువకుండనే” ఎలా కుదిరింది?

డల్లాస్ దూరం

మా అమ్మ ఏ ఉత్తరంలోనైనా చివర ఒకటే రాసేది: “వేళకి అన్నం తిను.” ఆ వరుస కనబడగానే నాకు తెలిసిపోతుంది, అక్షరాలు చదవక్కర్లేదు. అందుకే “చదువకుండనే”.

గణవిభజన

కుదిరింది. నా ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను.

పట్టికల పనివాడు

అన్నగారూ, మీ టెంప్లేటులో వరుస ఎత్తు “ఎగ్జాక్ట్లీ” అని కట్టి ఉంటుంది, చూడండి. రెడీమేడ్ టెంప్లేట్లలో ఇది మామూలే. ఇంగ్లీషు అక్షరాలకి అది సరిపోతుంది. మనకి కింద ఒత్తు, పైన గుడి రెండూ ఉన్నాయి. వర్డు ఇంజను చెప్పిన ఎత్తు దాటనివ్వదు, మిగిలింది కోసేస్తుంది. ఆ నియమం తీసేసి, వరుస ఎత్తు అక్షరం సైజుకి 1.6 రెట్లు పెట్టండి.

ఫాంటు కూడా చూసుకోండి. మండలి లాంటి, నెట్ నుంచి దిగే వెబ్ ఫాంటు యాపిల్ మెయిల్లో వస్తుంది, జీమెయిల్లో రాదు. కాబట్టి వెనక విండోస్ కోసం నిర్మలా, దాని తర్వాత గౌతమి పెట్టాలి. ఒక్కొక్క ఫాంటులో ఒత్తు ఒక్కొక్క లోతుకి దిగుతుంది. నేను “స్త్రీ”, “కృష్ణ”, “రాష్ట్రం”, “అమ్మ” అనే నాలుగు మాటలు ఒక పేరాలో పెట్టి ప్రతి టెంప్లేటునీ పరీక్షిస్తాను. “రాష్ట్రం” నిలబడితే మిగతావి నిలబడినట్టే.

డల్లాస్ దూరం

వెతికాను. పద్నాలుగు చోట్ల ఉంది ఆ నియమం. అన్నీ తీసేశాను. ఇక్కడ నా దగ్గర పాత అవుట్‌లుక్ లేదు. ఎవరైనా చూసి చెబుతారా?

గౌతమీతీరం

మా కాలేజీ కంప్యూటర్లో పాతదే ఉంది. పంపు నాయనా.

డల్లాస్ దూరం

రెండు పంపాను మాస్టారూ. మొదటిది పాత పద్ధతిలో ఉంది, రెండోది సరిచేసింది. రెండింట్లోనూ ఆ పద్యమే ఉంది.

గౌతమీతీరం

చూశాను. మొదటి దాంట్లో “అమ్మ” కింద ఏదో గీత మొదలై ఆగిపోయినట్టుంది. రెండో దాంట్లో ఒత్తు నిండుగా ఉంది. “యక్షరము”లో క్షకారం కూడా పూర్తిగా దిగింది. మా క్లాసు పిల్లలకి రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను.