పాత రైలు కట్ట మీద 22 మందిమి నడుద్దామని... వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

మలక్‌పేట మురళి:
మా అపార్ట్‌మెంటు వాళ్లు, ఆఫీసు వాళ్లు కలిపి 22 మందిమి. డిసెంబర్‌లో ఒక ఆదివారం నల్లమలలో పాత మీటర్ గేజి (పట్టాల మధ్య ఒక మీటరు ఎడం ఉండే చిన్న లైను) కట్ట మీద నడుద్దామని ప్లాను. గిద్దలూరు–నంద్యాల మధ్య, దొరబావి వంతెన వైపు. 1990ల్లో లైను బ్రాడ్ గేజి (పెద్ద లైను) అయినప్పుడు వదిలేసిన ముక్క, ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. శనివారం రాత్రి హైదరాబాద్‌లో బయల్దేరితే సరిపోతుందా? మినీ బస్సు ఎక్కడ ఆపాలి, అవతలి కొసన మమ్మల్ని ఎక్కడ ఎక్కించుకోవాలి? తొమ్మిదేళ్లు, పదకొండేళ్ల పిల్లలు ఇద్దరున్నారు, నడవగలరా? పర్మిషన్ ఎవరిని అడగాలి? ఆడవాళ్లకి బాత్రూం సంగతేంటి? తెలిసినవాళ్లు కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.

బోయినపల్లి భాయ్:
అన్నా, రైలు కట్టంటే క్యారంబోర్డు లెక్క సాపుగ ఉంటది. పిల్లలేంది, మా నాయినమ్మ గూడ నడుస్తది. దీన్కి ట్రెక్కింగ్ అని పేరు పెట్టకుర్రి, పరువు పోతది. నేను వారం వారం అనంతగిరి గుట్టలల్ల తిరుగుత. పొద్దుగాల ఏడింటికి షురూ జేస్తే పదింటికి ఖతం. నంద్యాలల భోజనం జేసి, రాత్రికి ఇంట్ల ఉంటరు.

ఉప్పల్ ఉమ:
చదును అన్న మాట వింటేనే నా మోకాలు సలుపుతుంది. నాలుగేళ్ల కిందట ఒక ట్రెక్కింగ్ గ్రూపు (పేరెందుకు లెండి) మమ్మల్ని ఒక పాత క్వారీ సైడింగ్ (రాళ్ల గనికి వేసిన విడి రైలు దారి) మీద నడిపించింది. "పది కిలోమీటర్లు, అంతా చదునే, మూడు గంటలు" అన్నారు. మొదటి రెండు కిలోమీటర్లు నిజంగానే చదును. తర్వాత కట్ట ఠక్కున ఆగిపోయింది. వంతెన లేదు. అవతలి ఒడ్డున రాతి గోడ కనిపిస్తోంది, మధ్యలో వాగు. రైలైతే అర నిమిషంలో దాటేసేది. మేం కిందికి దిగి, ఇసుకలో నడిచి, మళ్లీ కట్టెక్కేసరికి నలభై నిమిషాలు. ఎక్కుతుంటే కాళ్ల కింద కంకర జారుతుంది, పట్టుకుందామంటే సర్కారు తుమ్మ తప్ప ఏమీ ఉండదు. మా పక్కింటావిడ కూర్చుని జారింది, ప్యాంటు వెనక జేబులు రెండూ అక్కడే ఉండిపోయాయి. అలాంటి తెగిన చోట్లు ఏడు. చీకటి పడ్డాక ఫోన్ లైట్లతో ఊరు చేరాం. మూడు గంటలన్న పెద్దమనిషి అప్పటికే ఊళ్లో టీ తాగుతున్నాడు.

మురళి గారూ, కిలోమీటర్లు తర్వాత లెక్కపెట్టుకోండి. దారిలో లేని వంతెనలెన్నో ముందు లెక్కపెట్టండి.

పాత ట్రాలీ:
రైల్వే పర్మనెంట్ వేలో, అంటే పట్టాలు చూసుకునే శాఖలో, 34 ఏళ్లు చేశాను. గ్యాంగ్‌మన్‌గా చేరి పీడబ్ల్యూఐగా (పట్టాల ఇన్‌స్పెక్టరుగా) రిటైరయ్యాను, కాబట్టి ఈ విషయంలో నా మాట కాస్త వినండి. ఘాట్‌లో రైలు దారి చదునుగా ఉండదు. వన్ ఇన్ ఫిఫ్టీ అంటే కిలోమీటరుకి 20 మీటర్లు ఎక్కుతున్నట్టు. పది కిలోమీటర్లకి 200 మీటర్లు. కంటికి ఆనదు, ఇంజనుకి తెలుస్తుంది, రాత్రికి మీ పిక్కలకి తెలుస్తుంది.

రెండోది. మీటర్ గేజిలో 16 డిగ్రీల వంపు దాకా ఒప్పుకుంటారు, బ్రాడ్ గేజిలో 10 దాకానే. డిగ్రీలు పెరిగేకొద్దీ మలుపు బిగుతు. అందుకే పాత లైను కొండని చుట్టుకుంటూ పోతుంది. పెద్ద లైను వేసేటప్పుడు ఆ వంపులు పనికిరాక వేరే దారి తవ్వుతారు. మీరు నడవబోయేది ఆ పనికిరాని వంపుల మీదే. ఫోన్‌లో ఈ కొస నుంచి ఆ కొసకి గీత గీసి కొలిస్తే దూరం ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

బోయినపల్లి భాయ్:
అంకుల్, ఇరవై మీటర్లంటే మా బిల్డింగు ఆరంతస్తులు. లిఫ్టు ఖరాబైతే పాల ప్యాకెట్ కోసం రెండుసార్లు ఎక్కి దిగుత. కిలోమీటరు పొడుగున ఆరంతస్తులెక్కుడు గూడ కష్టమైతే ఇంట్లనే కూసోర్రి.

పాత ట్రాలీ:
మీ మెట్ల మీద రెండు అంగుళాల కంకర పోయించి ఎక్కి చూడు బాబూ. అప్పుడు మాట్లాడదాం.

బోయినపల్లి భాయ్:
కంకర మీద నడుసుడు నాకు రాదా? పట్టాల కింద అడ్డంగ ఉండే స్లీపర్ల మీద అడుగేసుకుంట పోవుడే కదా.

పాత ట్రాలీ:
ఏ స్లీపర్లు? లైను మూసేశాక పట్టాలు, స్లీపర్లు పీకి వేలం వేస్తారు. మిగిలేది మట్టి కట్ట, దాని మీద కంకర. ఒకవేళ స్లీపర్లున్నా వాటి ఎడం మనిషి అడుగుకి కుదరదు. ఒక్కోదాని మీద వేస్తే పొట్టి, ఒకటి దాటేస్తే పొడుగు. కీమన్‌గా (రోజూ పట్టాలు చూసుకుంటూ నడిచే పని) చేసినవాడికి ఆ నడక అలవాటవడానికే ఆరు నెలలు పడుతుంది. నేను బాటా చెప్పులతో రోజూ బీటు నడిచాను. మీవాళ్లు ఎనిమిది వేల బూట్లతో వచ్చి మడమ మెలికపెట్టుకుంటారు.

ఉప్పల్ ఉమ:
నేను వంతెనల గురించి చెప్తే మీరిద్దరూ మెట్లు, చెప్పులు పట్టుకున్నారు.

బోయినపల్లి భాయ్:
వంతెన లేకుంటే పక్కకెళ్లి తోవ ఉంటది అక్కా. మేకలోళ్లు పోతరు కదా.

ఉప్పల్ ఉమ:
మేకలు పోతాయి తమ్ముడూ.

సీతాఫల్‌మండి శీను:
దొరబావి వంతెన కూడా నిజాం కట్టించిందేనా? ఆ కాలంలోనే అంత పని! ఇప్పుడు ఒక ఫ్లైఓవర్ కట్టడానికి మన గడ్డం నెరుస్తోంది.

కర్నూలు కోడలు, కూకట్‌పల్లి:
శీను గారూ, ప్రతి పాత రాయీ నిజాందే అనుకోకండి. నిజాం రైలు వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి, 1874లో. షాబాద్ బండలు మన ఇళ్లలోకి ఆ దారినే దిగాయి. నల్లమల లైను దానికి వేరు. మా వైపు సీమని నిజాం 1800లోనే కంపెనీకి రాసిచ్చేశాడు, దత్తమండలాలన్న పేరు అందుకే వచ్చింది. 1876లో ధాత కరువు వచ్చింది. బండ్ల మీద గింజలు తోలుకొచ్చేలోపే జనం చచ్చిపోయారు. ఇంకో కరువొస్తే ధాన్యం త్వరగా చేర్చాలని బళ్లారి నుంచి కృష్ణా నది దాకా అడవిలోంచి ఈ మీటర్ గేజి లైను వేశారు, 1880ల్లో. మా అత్తగారు ఇప్పటికీ కంచంలో మెతుకు వదిలితే ధాత కరువు పేరెత్తుతారు. ఆ కట్ట మీద నడిచేవాళ్లు ఇంత తెలుసుకుని నడిస్తే బాగుంటుంది.

సీతాఫల్‌మండి శీను:
మీకు నిజాం పేరెత్తితే చాలు, ఉలిక్కిపడతారు.

కర్నూలు కోడలు, కూకట్‌పల్లి:
ఉలిక్కిపడలేదు, తప్పు దిద్దాను. రెంటికీ తేడా ఉంది.

సీతాఫల్‌మండి శీను:
కాచిగూడ స్టేషన్ గుమ్మటాలు కూడా మీ సీమవాళ్లే కట్టారనండి, వింటాం.

నిర్వాహకుడు:
నిజాం మీద గొడవకి వేరే చర్చ నడుస్తోంది, ఇప్పటికే నాలుగొందల పోస్టులు. అక్కడికి పొండి.

మలక్‌పేట మురళి:
అందరికీ థాంక్స్. బస్సు ఎక్కడ ఆపాలో ఎవరికైనా తెలుసా?

నాంపల్లి వకీలు:
బస్సు సరే, ముందు లోపలికి పోవచ్చో లేదో చూసుకోండి. 1989 రైల్వే చట్టం సెక్షన్ 147: అనుమతి లేకుండా రైల్వే స్థలంలో అడుగుపెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ. పట్టాలు తీసేశారు కదా, ఇక ఎవరిదీ కాదనుకోవద్దు. పట్టాలు పోయినా భూమి ఎవరిదో ఒకరిదే. పైగా నల్లమలలో పులుల అభయారణ్యం ఉంది, గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యమూ అటే. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేనిదే వెళ్లకూడదు. 22 మంది పేర్లు, ఆధార్ కాపీలు, బండి నంబరుతో రాతపూర్వకంగా పెట్టుకోండి. ఫోన్‌లో ఎవరో "రండి సార్" అన్నారని బయల్దేరకండి.

బోయినపల్లి భాయ్:
ఆదివారం నాడు అడవిల ఎవడొచ్చి జూస్తడు వకీలు సాబ్?

నాంపల్లి వకీలు:
పులి.

తార్నాక తిరుగుబోతు:
కర్ణాటకలోని సకలేశ్‌పుర గురించి ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదేంటి? సకలేశ్‌పుర నుంచి సుబ్రహ్మణ్య రోడ్ దాకా 55 కిలోమీటర్ల ఘాట్, యాభైకి పైగా సొరంగాలు. గేజి మార్పు కోసం 1996లో మూసేశారు, మళ్లీ గూడ్సు తిరిగింది 2006లో. మధ్యలో ఆ పదేళ్లూ మాలాంటి వాళ్లదే. 2003లో కాచిగూడ నుంచి బెంగళూరు వెళ్లి, అక్కడ బస్సెక్కి, ఆరుగురం దోనిగల్ నుంచి యెడకుమరి దాకా నడిచాం. వంతెన మధ్యలో నిలబడి కిందికి చూస్తే కాళ్ల సందుల్లోంచి నీళ్లు. ఒకడు అక్కడే కూలబడి హనుమాన్ చాలీసా మొదలుపెట్టాడు. సొరంగంలో పైనుంచి చుక్కలు, గబ్బిలాల కంపు. టార్చి మధ్యలో చచ్చిపోతే గోడ తడుముకుంటూ వచ్చాం. ఇప్పుడది నడుస్తున్న లైను, పొరపాటున కూడా అటు వెళ్లొద్దు. ఆ రోజులు మళ్లీ రావు.

పాత ట్రాలీ:
తడిమినప్పుడు గోడకి గూళ్లు తగిలాయా? సొరంగంలో ఉండగా బండి వస్తే గ్యాంగ్‌వాళ్లు దూరి నిలబడటానికి కట్టినవి. అందులో నిలబడితే బండి మొహం మీదినుంచే పోతుంది. నేను నిలబడ్డాను. మాట్లాడుతున్న బీడీ ఆరిపోయింది.

తార్నాక తిరుగుబోతు:
మాట్లాడే బీడీ ఏంటి సార్?

పాత ట్రాలీ:
మాట్లాడుతూ తాగుతున్న బీడీ. మనవడి ఫోన్‌లో టైపు చేస్తున్నా, సర్దుకోండి.

అచ్చంపేట అల్లుడు:
డిసెంబర్ అన్నారు కదా. కటింగ్‌లలో దూలగొండి ఉంటుంది, చూసుకోండి. అదే, దురదగొండి. కాయలు ఎండేది చలికాలంలోనే, గాలికి నూగు ఎగురుతుంది. కట్ట మీద ఎండ కాబట్టి ఫరవాలేదు. కొండని చీల్చి దారి తీసిన చోట రెండు పక్కలా తీగలు వేలాడుతుంటాయి. ముందు నడిచేవాడు కర్రతో తీగ కొట్టాడా, వెనక ఉన్న ఇరవై మందికీ పెళ్లే. పొడుగు చేతుల చొక్కా, మెడకి తువ్వాలు. పిల్లల్ని అసలు ముందు నడవనివ్వద్దు.

సీతాఫల్‌మండి శీను:
అంటుకుంటే ఆవు పేడ పూసి, ఎండాక కడిగేయాలి. మా ఊళ్లో అదే మందు.

ఉప్పల్ ఉమ:
గీరుకుపోయిన చర్మం మీద పేడేంటండీ! గోకకుండా, రుద్దకుండా ప్లాస్టర్ టేపు అంటించి లాగితే నూగు దాంతో వచ్చేస్తుంది. తర్వాత నీళ్లతో కడగాలి.

సీతాఫల్‌మండి శీను:
పేడ చేసే పనీ అదే కదా. ఎండినప్పుడు నూగుని పట్టుకుని ఊడొస్తుంది. మీ టేపుకి డబ్బులు, మా పేడ ఉచితం.

కర్నూలు కోడలు, కూకట్‌పల్లి:
పేడ కూడా నిజామే కనిపెట్టాడంటారా?

అచ్చంపేట అల్లుడు:
టేపే మేలు. దాన్ని మించిన ముప్పు చెప్తా. పాత వంతెనల స్తంభాలకి, సొరంగాల మొహానికి పెద్ద తేనెపట్లు పడతాయి. సెంటు కొట్టుకుని రావద్దు, పొగ పెట్టొద్దు, పిల్లలు రాళ్లు విసరకుండా చూడండి, స్పీకర్లో పాటలు అసలే వద్దు. ఆ తేనె తీసే చెంచులకి తెలుసు ఏ వేళ ఎలా పోవాలో, మనకి తెలియదు. అవి లేచాయంటే పరుగెత్తడానికి కట్ట మీద ముందుకీ వెనక్కీ తప్ప దారుండదు.

మలక్‌పేట మురళి:
ఇదంతా మా ఆవిడ చదివేసింది. పిల్లలు రావట్లేదు. ఆఫీసువాళ్లలో పదకొండు మంది "ఇంట్లో ఫంక్షన్" అన్నారు, అందరికీ ఒకే రోజు. ప్రస్తుతానికి తొమ్మిది మందిమి. ఉమ గారూ, బాత్రూం సంగతి మీరైనా చెప్పండి.

ఉప్పల్ ఉమ:
పాత నేత చీర ఒకటి తీసుకెళ్లండి. నలుగురు నాలుగు కొసలు పట్టుకుంటే గది. కట్ట మీద వద్దు, అటూ ఇటూ మైలు దూరం కనిపిస్తుంది. వంపు తిరిగాక చూసుకోవాలి. పాత ట్రాలీ గారు చెప్పిన 16 డిగ్రీలు అక్కడ పనికొస్తాయి. నీళ్లు మనిషికి మూడు లీటర్లు, చీకటి పడేలోపు దారి సగంలో ఉంటే వెనక్కి తిరగాలని ముందే మాటనుకోండి. మాకు ఆ మాట అనుకునే బుద్ధి లేకపోయింది.

కర్నూలు కోడలు, కూకట్‌పల్లి:
పర్మిషన్ కోసం ఎలాగూ అటవీ శాఖ ఆఫీసుకి వెళ్లాలి కదా, బస్సు సంగతీ అక్కడే అడగండి. లోపల ఎక్కడ ఆపనిస్తారో చెప్పాల్సింది వాళ్లే. ఇక్కడెవరైనా చెప్పినా నమ్మకండి. నంద్యాల దాకా రైల్లో వెళ్లి అక్కడ జీపు మాట్లాడుకుంటే తొమ్మిది మందికి మినీ బస్సు ఖర్చు మిగులుతుంది.

బోయినపల్లి భాయ్:
మురళన్నా, తొమ్మిదంటే ఒక సీటు ఖాళీ ఉన్నట్టే కదా. నన్ను గూడ రాసుకో.

పాత ట్రాలీ:
నన్ను కూడా రాసుకోండి. వంతెన దగ్గర దాకా వచ్చి ఆగిపోతాను, అవతల మీరే దిగి ఎక్కండి. ఆ అబ్బాయిని మాత్రం నా వెనక నడిపించండి.

బోయినపల్లి భాయ్:
వెనక ఎందుకు అంకుల్, నేనే ముంగట నడుస్త. తీగలు కర్రతోని కొట్టుకుంట పోత.

సీతాఫల్‌మండి శీను:
పేడ ఎవరు తెస్తున్నారు?